నీళ్ళు కక్కే రాతిమృగాలు

కేథడ్రళ్ళ కాలం – ఏడో భాగం

1914 సెప్టెంబరు 19. మొదటి ప్రపంచయుద్ధం మొదలై రెండు నెలలైనా కాలేదు. ఫ్రాన్సు రాజులకు తరతరాలుగా పట్టాభిషేకం జరిగిన రీమ్స్ కేథడ్రల్ మీద జర్మన్ ఫిరంగి గుండ్లు పడ్డాయి. ఉత్తరపు బురుజుకు మరమ్మతుల కోసం కట్టిన కర్రల పరంజా అంటుకుంది. అక్కణ్ణించి మంట పైకప్పును మోసే దూలాలకు పాకింది. వాటి మీద పరిచినవి సీసపు రేకులు. సీసం కరగడానికి 327 డిగ్రీల వేడి చాలు. కరిగిన సీసం కప్పు వాలు వెంట జారింది. చూరు పొడవునా తొలిచిన రాతి కాలువల్లో పడింది. ఆరు వందల ఏళ్ళకు పైగా వాననీళ్ళు నడిచిన దారినే నడిచి, గోడ నుంచి ముందుకు చాచుకుని ఉన్న రాతిమృగాల నోళ్ళలోంచి కిందికి కారింది. మంట ఆరాక చూస్తే కొన్నిటి గొంతుల్లో సీసం గడ్డకట్టి ఉంది. అలాంటి తలలను కేథడ్రల్ పక్కనున్న ‘తో’ అనే భవనపు మ్యూజియంలో దాచారు. తెరిచిన రాతి నోరు, అందులోంచి వేలాడుతూ గట్టిపడిపోయిన బూడిదరంగు లోహం.

గార్గాయిల్ అనగానే చాలామంది మనసులో మెదిలేది వేరే బొమ్మ. రెక్కలు ముడుచుకుని, చెంపలకు చేతులు ఆనించుకుని, ఎత్తు మీంచి ఊరిని చూసే కొమ్ముల దయ్యం. సినిమాలూ కామిక్స్ పుస్తకాలూ నేర్పిన బొమ్మ అది. దాని పుట్టుక సంగతి తర్వాత వస్తుంది. పదమూడో శతాబ్దపు మేస్త్రీకి మాత్రం గార్గాయిల్ అంటే తూము. కప్పు మీద పడ్డ వాననీటిని గోడకు తగలనివ్వకుండా దూరంగా విసిరే రాతి తూము. రీమ్స్‌లో ఆ రోజు అవి సీసం కక్కాయంటే, తమకు అప్పజెప్పిన పనిని చివరిదాకా చేశాయనే అర్థం.

గోడలు సన్నబడి, కిటికీలు పెరిగి, పై భారాన్ని బయటి నుంచి ఫ్లయింగ్ బట్రెస్‌లనే దన్ను కమానులు మోసిన సంగతి కిందటి భాగంలో చెప్పుకున్నాం. ఆ ఎత్తు వెంట తెచ్చిన పెద్ద చిక్కు వాన. పాత చిన్న చర్చిలకు చూరు గోడ దాటి ముందుకు వచ్చేది, నీళ్ళు దాని అంచు నుంచి నేల మీద పడేవి. కేథడ్రల్ చూరు ముప్పై మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కణ్ణించి జారిన నీరు నేల చేరేలోగా గాలికి కొట్టుకుని మళ్ళీ గోడ మీదికే వస్తుంది. దారిలో కమానులున్నాయి, రంగు గాజు కిటికీలున్నాయి, వందల కొద్దీ శిల్పాలున్నాయి. కట్టిందేమో సున్నపురాయితో, అతికిందేమో సున్నంతో. ధారగా కారే నీరు రాళ్ళ సందుల్లోని సున్నాన్ని కొంచెం కొంచెంగా కడిగేస్తుంది. రాయిలోకి ఇంకిన తేమ ఉత్తర ఫ్రాన్సు చలికి గడ్డకట్టి, ఉబ్బి, రాయిని లోపలి నుంచే చీలుస్తుంది. అంత ఖర్చుపెట్టి, రెండు మూడు తరాలు కష్టపడి కట్టిన గోడను వాన నుంచి కాచుకోలేకపోతే పడ్డ కష్టమంతా వృథా.

దారి దొరకడానికి కొంత కాలం పట్టింది. ముందు గోడ తలమీద, పిట్టగోడ వెనుక, నీరు పారే కాలువ తొలిచారు. ఆ నీటిని కిందికి దించడానికి దన్ను కమానుల వీపునే వాడుకున్నారు. ఏటవాలుగా దిగే ఆ వీపు మీద సన్న కాలువ చెక్కితే నీరు దాని మీదుగా పరుగెత్తి బయటి స్తంభం దాకా వస్తుంది. స్తంభం లోపలి నుంచి అవతలి వైపుకు దూరి, అక్కడ బయటికి చొచ్చుకువచ్చిన తూము నోటి నుంచి గోడకు దూరంగా పడుతుంది. గోడను నిలబెట్టే కమానే గోడను తడవకుండా కూడా చూస్తుంది. ఆనాటి మేస్త్రీల తెలివికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

ఈ రకం తూములు ఫ్రాన్సులో మొదట లాన్ కేథడ్రల్ మీద, 1220 ప్రాంతంలో వచ్చాయని పందొమ్మిదో శతాబ్దపు వాస్తుశిల్పి వియొలె-ల-డ్యూక్ లెక్కకట్టాడు. మన దగ్గర గణపతిదేవుడు ఓరుగల్లును ఏలుతున్న రోజులవి. రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్పగుడి శాసనం వేయించింది 1213లో. లాన్ తూములు మొరటువి, లావువి, కొద్దిపాటివి. ఒక రాయిలో కాలువ తొలిచి, దాని మీద ఇంకో రాయి మూతగా పెట్టి రెండూ కలిపి మృగంగా చెక్కారు. కొద్ది ఏళ్ళకే పారిస్ నోత్రదామ్ మీద వాటి సంఖ్య పెరిగింది, మెడలు సాగాయి. 1248లో పూర్తయిన సేంత్ షపెల్ నాటికి శిల్పి చెయ్యి పూర్తిగా తిరిగింది. ఒంపు, కండ, కదలిక అన్నీ వచ్చేశాయి.

సంఖ్య పెంచడంలో ఒక లెక్క ఉంది. నాలుగు తూముల్లోంచి లావుపాటి ధారలు ముప్పై మీటర్ల కిందికి పడితే కింద ఉన్న నేలా, పునాదీ గుంటలు పడతాయి. అదే నీటిని వంద నోళ్ళకు పంచితే ఒక్కో ధార సన్నబడి, గాలికి చెదిరి, తుంపరగా దిగుతుంది. ఆకారంలోనూ అంతే. నీరు గోడకు దూరంగా పడాలంటే రాయి పొడుగ్గా, మీటరు దాకా బయటికి రావాలి. అది ఊడిపడకుండా ఉండాలంటే దాని తోకవైపు గోడలో లోతుగా దిగి ఉండాలి. వీపు మీద కాలువ తొలవాలి. కొస దగ్గర నీరు కిందికి వంగకుండా ముందుకు దూకాలి. ఈ షరతులన్నిటికీ లొంగే శరీరం ఏదని శిల్పి ఆలోచిస్తే దొరికేది ముందుకు సాగిన మెడ, తెరిచిన నోరు, గోళ్ళతో గోడను పట్టుకుని దూకబోతున్న మృగం. కుక్క, సింహం, మేక, పంది, రెక్కల పాము, కడుపు పట్టుకుని వాంతి చేసుకుంటున్న మనిషి, ఏదైనా సరే. ఫ్రాన్సు మొత్తంలో ఒకేలాంటివి రెండు తనకు కనబడలేదని వియొలె-ల-డ్యూక్ రాశాడు. నేల మీద చెక్కి, తాళ్ళు కట్టి, పైకెత్తి గోడలో కూర్చోబెట్టేవారు. ఒకసారి పైకెక్కాక దాని ముఖాన్ని దగ్గరగా చూసేది పిట్టలూ, మరమ్మతు పనివాళ్ళూ మాత్రమే. అయినా పళ్ళూ, చెవి వెనుక మడతలూ చెక్కడం మానలేదు.

మృగం నోటి నుంచి నీరు తీయడం ఫ్రెంచివాళ్ళు కనిపెట్టింది కాదు. క్రీ.పూ. 237లో పని మొదలైన ఈజిప్టు ఎద్ఫూ గుడి గోడల మీద సింహాలు వాననీరు వదులుతాయి. ఒలింపియాలోని జ్యూస్ గుడి చూరు వెంట పాలరాతి సింహపు తలలు వరుసగా ఉండేవి. జావాలో లాన్ కంటే నాలుగు వందల ఏళ్ళ ముందే కట్టిన బోరోబుదూర్ మూలల్లో వాన మకరాల నోటి నుంచి దిగుతుంది. ఆ మకరం మన దగ్గరి నుంచి వెళ్ళినదే. మన శివాలయాల్లో గర్భగుడి ఉత్తరపు గోడ నుంచి బయటికి వచ్చే ప్రణాళాన్ని చాలాచోట్ల మకరం నోరుగానో, ఆవు ముఖంగానో చెక్కుతారు. దాని ముందున్న సోమసూత్రాన్ని దాటకూడదని ప్రదక్షిణను అక్కడ ఆపి వెనక్కి తిరుగుతాం. పోలిక మాత్రం అక్కడితో ఆగుతుంది. మన ప్రణాళంలోంచి వచ్చేది అభిషేకజలం, చేతిలో పట్టి కళ్ళకద్దుకునే తీర్థం. ఫ్రాన్సు తూములోంచి వచ్చేది కట్టడం వద్దనుకుని బయటికి గెంటేసే నీరు. లోపలి పవిత్రతను బయటికి అందించే నోరు ఇది, బయటి ముప్పును దూరంగా నెట్టే నోరు అది. మకరం ముఖం శాంతంగానూ, ఫ్రాన్సు తూముల ముఖాలు వికృతంగానూ ఉండడానికి ఈ తేడా కూడా ఒక కారణమేమోనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంతకీ తూముకు దేవదూత ముఖమో, పూలతీగో చెక్కకుండా ఈ భయంకర రూపాలెందుకు? దీనికి రకరకాల జవాబులున్నాయి. దుష్టశక్తులను బెదరగొట్టి పంపడానికన్నది ఒకటి. కొత్త ఇంటికి దిష్టిబొమ్మ కట్టే మనకు ఇది వెంటనే నచ్చేస్తుంది. చర్చిలోకి రానివ్వని పాపాలకు బయట వేసిన శిక్ష అన్నది ఇంకొకటి. చదువురాని జనానికి నరకం చూపించడానికన్నది మరొకటి. మధ్యయుగపు చర్చి శిల్పంలో ప్రతి బొమ్మకూ అర్థం వెతికి చెప్పిన ఫ్రెంచి కళాచరిత్రకారుడు ఎమిల్ మాల్, 1898లో వెలువడిన తన పుస్తకంలో ఈ ఒక్క చోట మాత్రం అర్థాలు వెతకొద్దన్నాడు. ఇవి మతపెద్దలు చెప్పి చెక్కించినవి కావని, జనం చలిమంటల దగ్గర చెప్పుకునే పాత కథల్లోంచి శిల్పులు తెచ్చుకున్నవని ఆయన అభిప్రాయం. నేనూ చాలావరకు ఆయన పక్షమే. ద్వారం మీద ఏ పునీతుడు ఎక్కడ నిలబడాలో, చేతిలో ఏమి పట్టుకోవాలో బిషప్ కొలువు నిర్ణయించేది. చూరు దగ్గరి తూము ముఖం ఎలా ఉండాలన్నది చాలావరకు ఉలి పట్టినవాడి ఇష్టం. ఆ స్వేచ్ఛ వాటి ముఖాల్లో కనబడుతుంది.

మఠాల లోపల మృగాలు చెక్కడం మీద మండిపడ్డవాళ్ళు లేకపోలేదు. క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ 1125 ప్రాంతంలో రాసిన ఒక లేఖాగ్రంథంలో మఠపు మండపాల స్తంభాల మీద కోతులూ, సింహాలూ, సగం మనిషి సగం గుర్రం బొమ్మలూ ఎందుకని నిలదీశాడు. సన్యాసులు గ్రంథం వదిలేసి రాళ్ళు చదువుతూ రోజంతా గడుపుతున్నారని, సిగ్గు లేకపోతే పోనీ, ఖర్చన్నా చూసుకోవద్దా అని ఆయన బాధ. ఆయన తిట్టినది స్తంభాల మీది బొమ్మలను. లాన్ తూములు ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు గానీ రాలేదు. కానీ ఆ తిట్లు చదువుతుంటే ఒకటి తెలిసిపోతుంది. ఒకే తలకు ఎన్ని ఒళ్ళు, ఒకే ఒంటికి ఎన్ని తలలు అని అంత వివరంగా చెప్పగలిగాడంటే ఆయన కూడా వాటి ముందు చాలాసేపే నిలబడ్డాడు.

గార్గాయిల్ పుట్టుకకు ఇప్పటికీ అందరూ చెప్పే కథ రువాన్ పట్టణానిది. ఏడో శతాబ్దంలో అక్కడ రోమాన్ అనే బిషప్ ఉండేవాడు. సీన్ నది ఒడ్డు బురదలో ఒక రాక్షససర్పం కాపురముండి పశువులనూ మనుషులనూ మింగుతోంది. దాని పేరు గార్గూయ్. బిషప్ వెంట రావడానికి ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు, మరణశిక్ష పడ్డ ఒక ఖైదీ తప్ప. బిషప్ శిలువ గుర్తు చూపి, తన మెడలోని పట్టీని పాము మెడకు వేసి, పెంపుడు జంతువులా ఊళ్ళోకి నడిపించుకొచ్చాడు. జనం దాన్ని కాల్చారు. నిప్పు కక్కీ కక్కీ రాటుదేలిన ఆ తలా మెడా మంటకు లొంగలేదట, వాటిని తెచ్చి చర్చి గోడకు తగిలించారట, అప్పటి నుంచి తూములకు ఆ రూపం వచ్చిందట.

కథ అందమైనదే, కానీ తేదీలు కుదరవు. రోమాన్ ఏడో శతాబ్దపువాడైనా పాము కథ రాతలో కనబడేది పద్నాలుగో శతాబ్దం చివర. అప్పటికి లాన్ తూములకు నూట డెబ్బై ఏళ్ళు నిండాయి. కథ వెనుక ఉన్నది తూము కాదు, ఖైదీ. రువాన్ కేథడ్రల్ మతాధికారుల సంఘానికి ఒక వింత హక్కు ఉండేది. ఏటా క్రీస్తు ఆరోహణ పండుగ రోజున శిక్ష పడ్డ ఒక ఖైదీని ఎంచుకుని విడిపించవచ్చు. ఆ మనిషి ఊరందరి ముందు సెయింట్ రోమాన్ అస్థికల పేటికను మూడుసార్లు భుజాన ఎత్తాలి. అంతటితో అతని నేరం మాఫీ. రాజు న్యాయాధికారులకు ఇది కంటగింపు. ఈ హక్కు మీకెక్కడిదని వాళ్ళు అడిగితే చెప్పడానికి సంఘానికి ఒక పాత కథ కావాలి. అందుకే బిషప్ వెంట నడిచిన ఖైదీ వచ్చాడు, అతని కోసం పామూ వచ్చింది. పదమూడో శతాబ్దం మొదట్లోనే ప్రస్తావనకు వచ్చిన ఈ హక్కు ఫ్రెంచి విప్లవం దాకా నడిచి 1790తో ఆగింది. ఎందరో మనుషులు ఆ పాము పుణ్యమా అని ఉరి తప్పించుకున్నారు. నిజంగా జరగని ఒక సంఘటన దాదాపు నాలుగు వందల ఏళ్ళు ప్రాణదానాలు చేసిందన్న ఈ సంగతి, తూము పుట్టుక కంటే నాకు చాలా పెద్ద చరిత్ర.

రాతి తూములకు అసలు శత్రువు బెర్నార్డ్ కాదు, సీసపు గొట్టం. ఇంగ్లండు రాజు మూడో హెన్రీ 1240లోనే లండన్ టవర్ కోటకు కొత్తగా వేసిన వెల్ల వాననీటికి పాడవకుండా సీసపు గొట్టాలను నేల దాకా దించమని ఉత్తర్వు ఇచ్చాడు. గొట్టం గోడను అంటిపెట్టుకుని నీటిని నేరుగా నేలకు చేరుస్తుంది, దారిన పోయేవాళ్ళ నెత్తిన పొయ్యదు. రానురాను అదే గెలిచింది. గొంతుల్లో పాచి పట్టి, ముక్కులు అరిగి, దవడలు రాలిపోయి, చాలాచోట్ల మృగాలు మొండి రాళ్ళయ్యాయి.

వాటికి రెండో జన్మ ఇచ్చినవాళ్ళు ఒక నవలాకారుడు, ఒక వాస్తుశిల్పి. 1831లో విక్టర్ హ్యూగో నోత్రదామ్ మీద రాసిన నవల, పాడుబడుతున్న ఆ కట్టడాన్ని జనం తమదిగా చూసేలా చేసింది. 1844లో పునరుద్ధరణ బాధ్యత జాన్-బాప్తిస్త్ లాస్యూకి, ముప్పై ఏళ్ళ వియొలె-ల-డ్యూక్‌కి దక్కింది. 1857లో లాస్యూ పోయాక వియొలె-ల-డ్యూక్ ఒక్కడే 1864 దాకా నడిపించాడు. అరిగిపోయిన తూములను కొత్తగా చెక్కించి పెట్టడంతో ఆగలేదు. రెండు బురుజులనూ కలిపే వసారా పిట్టగోడ మీద, నేల నుంచి దాదాపు 46 మీటర్ల ఎత్తున, తానే బొమ్మలు గీసి 54 మృగాలను నిలబెట్టించాడు. వీటిని షిమేర్లంటారు. గొంతులో కాలువ లేదు, వీపు మీద తొలిచిన దారి లేదు. ఒక్క చుక్క నీరు మొయ్యవు. చూడటమే వాటి పని.

మనం సినిమాల్లో చూసిన ఆ కొమ్ముల దయ్యం వీటిలో ఒకటి. చెంపలకు చేతులు ఆనించి, నాలుక చాచి పారిస్‌ను చూస్తుంటుంది. 1853లో షార్ల్ మెరియాన్ దాని చిత్రాన్ని రాగిరేకు మీద చెక్కి అచ్చువేశాక అది స్త్రీజ్ పేరుతో ప్రపంచమంతా తెలిసింది. అదే ఏడు షార్ల్ నెగ్ర్ తన మిత్రుడు అన్రి ల సెక్‌ను పొడవాటి టోపీతో దాని పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. తొలితరం ఫొటోల్లో అంత పేరొందినవి తక్కువ. అంటే మధ్యయుగపు చీకటికి గుర్తుగా మనం చెప్పుకునే ఈ బొమ్మ, ధవళేశ్వరం ఆనకట్టకు ఈడుది. కాటన్ గోదావరికి అడ్డుకట్ట కట్టించింది 1847–52 మధ్య. హ్యూగో కథలోని క్వాసిమోడో ఈ దయ్యాన్ని చూసి ఉండడు, హ్యూగో కూడా నవల రాసేనాటికి చూడలేదు.

దీనికి వియొలె-ల-డ్యూక్‌ను మోసగాడన్నవాళ్ళున్నారు. నేను అనలేను. తన వాస్తు నిఘంటువులో అసలైన తూముల గురించి ఆయన రాసినంత ప్రేమగా, రాయి కోత దగ్గరి నుంచి నీటి లెక్క దాకా, మరెవరూ రాయలేదు. తేడా ఆయనకు బాగా తెలుసు. పునరుద్ధరణ అంటే ఏ కాలంలోనూ పూర్తిగా లేని నిండుదనాన్ని కట్టడానికి ఇవ్వడమేనని ఆయన బాహాటంగానే ఒప్పుకున్నాడు. నా బాధ ఆయన మీద కాదు. పారిస్ వెళ్ళినవాళ్ళంతా మెట్లెక్కి షిమేర్ల పక్కన ఫొటో దిగి వస్తారు. పక్క గోడల వెంట, కమానుల కొసల్లో, ప్రతి వానకూ నీరు మింగి కక్కుతున్న తూముల వైపు తలెత్తరు.

ఆ తూములకు ఏ గతి పట్టిందో 2017 ప్రాంతంలో పత్రికల్లో వచ్చింది. శిథిలమై రాలిపడే ప్రమాదమున్న కొన్నిటిని తీసేసి వాటి చోట ప్లాస్టిక్ గొట్టాలు పెట్టారు. పని జరిగిపోయింది, గోడ తడవలేదు. కానీ ఆ తెల్ల గొట్టాల బొమ్మలు చూసిన ఫ్రెంచి జనానికి గుండె కలుక్కుమంది. 2019 ఏప్రిల్ 15న నోత్రదామ్ కప్పూ శిఖరమూ మంటల్లో కూలినప్పుడు బురుజులు నిలిచాయి, వాటి మధ్య షిమేర్లూ నిలిచాయి. శిఖరం అడుగున ఉండే 16 రాగి విగ్రహాలను మరమ్మతుకని నాలుగు రోజుల ముందే కిందికి దించడంతో అవీ దక్కాయి. వాటిలో సెయింట్ థామస్‌కు వియొలె-ల-డ్యూక్ తన ముఖమే పెట్టించుకున్నాడు. కట్టడం తిరిగి తెరుచుకున్నది 2024 డిసెంబరులో.

పాడైన మృగం చోట కొత్తది పెట్టాల్సి వస్తే ఏమి చెక్కాలి? పాతదానికి నకలా, ఈ కాలపు భయమా? స్కాట్లండులోని పెయిస్లీ మఠంలో 1990లలో పాత తూములు మార్చినప్పుడు ఒకదానికి ఏలియన్ సినిమాలోని జీవి పోలిక వచ్చింది. ఫ్రాన్సులో నాంత్ దగ్గర బెత్లెహేమ్ చాపెల్ శిఖరాల మీద గ్రెమ్లిన్‌లు, జపాన్ కార్టూన్ల రోబో ఎక్కాయి. వాషింగ్టన్ నేషనల్ కేథడ్రల్ కట్టడం 1907లో మొదలై 1990లో ముగిసింది. దాని మీద పిల్లల పోటీలో గెలిచిన డార్త్ వేడర్ తల ఉంది. అక్కడి 112 గార్గాయిల్‌లలో రాతిపనివాళ్ళు ఒకరి ముఖాన్ని ఒకరు ఆటపట్టిస్తూ చెక్కినవీ ఉన్నాయి. సినిమా బొమ్మలు చూసి ముఖం చిట్లించే పండితులు ఎందరున్నా, లాన్ శిల్పి తన ఊరి కథల్లోని జంతువును పైకెక్కించినప్పుడు చేసిందీ ఇదేనని నా నమ్మకం. నేను పెట్టే షరతు ఒక్కటే. నోరున్న మృగానికి గొంతు కూడా తొలవాలి, వానొస్తే అది పని చెయ్యాలి.

వచ్చే భాగంలో: సెయింట్ డెనిస్ మఠాధిపతి సూజెర్, 1144లో ఆయన తెరిచిన రంగు గాజుల గది.